బట్టల షోరూం సిబ్బంది రికార్డులు: ప్రాజెక్టు డైరీ

హన్మకొండలో రెండంతస్తుల బట్టల షోరూం, ఇద్దరు భాగస్వాములది. పని మొదలయ్యేనాటికి అక్కడ ఉన్నవి: ఒక హాజరు పుస్తకం, జీతాలు రాసుకునే డైరీ, అడ్వాన్సులకు వేరే నోట్‌బుక్, పీఎఫ్ కోడు, ఈఎస్‌ఐ కోడు, ఆడిటర్ దగ్గర కొన్ని చలాన్లు. డిసెంబరు 2025 నుంచి మార్చి 2026 లోపల పూర్తి కావాల్సింది: మనిషికో ఫైలు, నెలకో జీతాల పట్టీ, ఆ ఒక్క పట్టీ నుంచే అన్ని చలాన్లు.

పీఎఫ్, ఈఎస్‌ఐ పోర్టళ్ల పని చివరికి పెట్టాం. చిన్న వ్యాపారాల్లో మనిషిని పెట్టగానే చలాన్ల దగ్గర మొదలుపెడతారు. చలాన్లో కనిపించే తప్పులు చాలావరకు అక్కడ పుట్టినవి కావు. చేరిన రోజు తీసుకోని కాగితంలోనో, హాజరు పుస్తకంలో వదిలేసిన గడిలోనో పుడతాయి. అందుకే వరుస ఇది: మనుషుల లెక్క, పేర్లు, ఫైళ్లు, హాజరు, జీతం, ఆ తర్వాతే పోర్టల్.

డిసెంబరు: తలల లెక్క

యజమానులు చెప్పిన సంఖ్య 17. హాజరు పుస్తకంలోనూ అంతే. షట్టర్ ఎత్తే వేళ గుమ్మం దగ్గర కూర్చుని పనికి లోపలికి వెళ్లిన ప్రతి మనిషినీ రాస్తే 26 తేలింది. కమీషన్ మీద నిలబెట్టిన సేల్స్ కుర్రాళ్లు ముగ్గురు, పీసు రేటు మీద ఫాల్స్, ఆల్టరేషన్ కుట్టే టైలర్లు ఇద్దరు, ఏజెన్సీ పంపిన వాచ్‌మెన్ ఇద్దరు, స్వీపర్లు ఇద్దరు. పుస్తకానికి ఎక్కనివాళ్లు వీళ్లే.

ఈ తొమ్మిది మంది వల్ల చట్టం గీతలు మారిపోతాయి. ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ 10 మంది ఉంటే చాలు, వర్తిస్తాయి. పీఎఫ్, బోనస్‌కి 20 మంది. భాగస్వాములు లెక్కలోకి రారు. ఏజెన్సీ మనుషులు పీఎఫ్ లెక్కలోకి వస్తారు. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చిన సంస్థ, తర్వాత మనుషులు 20 కంటే తగ్గినా బయటికి రాదు. "సీజన్ అయిపోయాక పన్నెండు మందే ఉన్నారు కదా" అన్న మాట అక్కడ చెల్లదు.

టైలర్ల దగ్గర వాదన వచ్చింది. నెల జీతం లేదు కాబట్టి ఉద్యోగులు కారని యజమానుల మాట. చూడాల్సింది జీతం ఇచ్చే తీరును కాదు. మిషను ఎవరిది, కూర్చునే చోటు ఎవరిది, రావాల్సిన వేళ ఎవరు చెబుతారు, బయటి పని ఒప్పుకుంటే ఊరుకుంటారా అని చూడాలి. ఇక్కడ నాలుగు జవాబులూ షోరూం వైపే ఉన్నాయి. టైలర్లు, కమీషన్ కుర్రాళ్లు పట్టీలోకి వచ్చారు. నేరుగా షోరూం కింద ఉన్నవాళ్లు ఇప్పుడు 22 మంది. ఏజెన్సీ నలుగురికి వేరే పేజీ.

డిసెంబరు: పేర్లు, పుట్టిన తేదీలు

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది ఈ పనే. తినాలి కూడా. ఇక్కడ తొందరపడితే మనిషి మానేసి తన పీఎఫ్ డబ్బు అడిగిన రోజున క్లెయిమ్ తిరిగొస్తుంది.

మన పేర్ల తీరే చిక్కు తెస్తుంది. ఉదాహరణకు ఆధార్‌లో "కొత్తపల్లి లక్ష్మి", బ్యాంకు పాస్‌బుక్‌లో "కె లక్ష్మి", పదో తరగతి మెమోలో "లక్ష్మి కె", పాన్‌లో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు. నలుగురూ ఒక్క మనిషే అని మనకి తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. యూఏఎన్‌కి (పీఎఫ్‌లో మనిషికి ఒక్కటే ఉండే నంబరు) ఆధార్ ప్రామాణికం, కాబట్టి మిగతావన్నీ ఆధార్‌కి సరిపోవాలి. ఆధార్‌లోనే అక్షరం తప్పుంటే ముందు దాన్ని సరిచేయించి, ఆ తర్వాతే యూఏఎన్ తీయాలి. ఈ వరుస తిరగబడితే తప్పు పేరు పీఎఫ్ ఖాతాలోకి ఎక్కి కూర్చుంటుంది.

పుట్టిన తేదీ ఇంకో గొయ్యి. ఆధార్ తీసుకున్న రోజుల్లో తేదీ తెలియనివాళ్లకి సంవత్సరం మాత్రమే వేశారు, లేదా జనవరి 1 వేశారు. మెమోలో వేరే తేదీ ఉంటుంది. 58 ఏళ్లకి పెన్షన్ జమ ఆగేది ఈ తేదీ చూసే. కాబట్టి యాభై దాటినవాళ్ల తేదీలు ముందు తేల్చాం.

ఒక షీట్ తెరిచి అడ్డంగా ఈ గడులు పెట్టాం: ఉద్యోగి కోడు, ఆధార్ ప్రకారం పేరు, పాన్ ప్రకారం పేరు, బ్యాంకు ప్రకారం పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, హోదా, మొబైల్, ఆధార్‌కి ఆ మొబైలే లింకు అయిందా, యూఏఎన్ 12 అంకెలు, ఈఎస్‌ఐ 10 అంకెలు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, నామినీ. పేర్ల మూడు గడుల్లో ఎక్కడ తేడా ఉంటే ఆ వరుసకి పసుపు రంగు. పసుపు తీరేదాకా ఆ మనిషి పని పోర్టల్‌లో ముట్టుకోకూడదు.

యూఏఎన్, ఆధార్, ఖాతా నంబర్ల గడులను నంబరు ఎక్కించకముందే "టెక్స్ట్" ఫార్మాట్‌లో పెట్టాలి. లేకపోతే ఎక్సెల్ 12 అంకెల నంబరును కుదించి చూపిస్తుంది, ఖాతా నంబరు ముందున్న సున్నాలు మాయమవుతాయి, 15 అంకెలు దాటిన ఖాతాల చివరి అంకెలు సున్నాలవుతాయి. జీతం వేరే ఖాతాకి పోయిందంటే ముందు వెతకాల్సిన చోటు ఇది.

డిసెంబరు: ఫైలు

మనిషికో అట్ట ఫైలు, మీద ఉద్యోగి కోడు మాత్రమే. లోపల కింద నుంచి పైకి: దరఖాస్తు, ఆధార్ నకలు (మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ), పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, నియామక పత్రం, పీఎఫ్ ఫారం 11 (చేరినప్పుడు తన పీఎఫ్ వివరాలు రాసిచ్చేది), నామినేషన్లు, జీతం మార్పు లేఖలు, సెలవు చీటీలు. మెడికల్ కాగితాలు, ఫిర్యాదు కాగితాలు ఈ ఫైల్లో ఉండకూడదు. వాటికి తాళం వేసే వేరే అర.

నియామక పత్రం ఎవరికీ లేదు. నవంబరు 21, 2025న నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. పాతవాళ్లకి కూడా ఇవ్వాలి. పత్రంలో చేరిన తేదీ అసలు తేదీయే ఉండాలి, పత్రం రాసిన తేదీ కాదు. ఆరేళ్ల క్రితం చేరిన మనిషికి "ఈరోజు నుంచి నియమిస్తున్నాం" అని రాసిస్తే ఆ మనిషి గ్రాట్యుటీ సర్వీసు చెరిపేసినట్టే. సంతకం పెట్టే ముందు తెలుగులో చదివి వినిపించాం. పత్రమే తెలుగులో రాయడం ఇంకా మంచిది, రెండు పేజీలకు మించదు: హోదా, జీతం విడివిడిగా, పనివేళలు, వారాంతపు సెలవు, మిగతా సెలవులు, పీఎఫ్ ఈఎస్‌ఐ వివరాలు, మానేయాలంటే ఇవ్వాల్సిన నోటీసు.

అసలు విద్యార్హత సర్టిఫికెట్లు తెచ్చి యజమాని దగ్గర ఉంచుకునే అలవాటు ఈ వ్యాపారంలో బాగా ఉంది. ఇక్కడా బీరువాలో కొన్ని ఉన్నాయి. నకలు తీసుకుని, అసలువి సంతకం మీద తిరిగి ఇచ్చేశాం. మనిషి పారిపోతాడన్న భయానికి సర్టిఫికెట్ పట్టుకోవడం మందు కాదు.

జనవరి: హాజరు పట్టీ

పాత పుస్తకంలో ఉన్నది "పి", "ఎ" అక్షరాలే. వచ్చిన వేళ లేదు, వెళ్లిన వేళ లేదు, వారం సెలవు ఎవరు ఎప్పుడు తీసుకున్నారో లేదు. షోరూం తెరిచేది ఉదయం 10, మూసేది రాత్రి 9:30. తెలంగాణ దుకాణాల చట్టం 1988 ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు. ఒకే బ్యాచ్‌తో పదకొండున్నర గంటలు నడిపితే ప్రతి మనిషికీ ప్రతి రోజూ ఓవర్‌టైమ్ లెక్క తేలుతుంది.

రెండు బ్యాచ్‌లు చేశాం: 10 నుంచి 7, 12:30 నుంచి 9:30, మధ్యలో గంట విరామం. అమ్మకం జోరుగా ఉండే మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో రెండు బ్యాచ్‌లూ ఉంటాయి. ఆదివారం షోరూం తెరిచే ఉంటుంది కాబట్టి వారాంతపు సెలవు సోమవారం నుంచి గురువారం వరకు వంతుల వారీగా. నెల మొదటి తేదీకే వంతుల పట్టిక గోడ మీద.

సాయంత్రం 7 దాటాక పనిచేసే మహిళల దగ్గర రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి, వాళ్ల భద్రతకి ఏర్పాట్లు చేయాలి. రెండో బ్యాచ్‌లో ఉన్న ఆడపిల్లల ఊళ్లు, వాళ్లు ఎక్కే చివరి బస్సు వేళ రాసి చూస్తే, కాజీపేట దాటి వెళ్లాల్సిన ఇద్దరిని మొదటి బ్యాచ్‌కి మార్చడం తప్ప దారి లేదనిపించింది. మిగతావాళ్లకి షోరూం ఆటో, డ్రైవర్ వివరాలు ఫైల్లో.

పట్టీలో వాడే గుర్తులు తగ్గించాం: హాజరు, సగం రోజు, వారం సెలవు, పండగ సెలవు, ఆర్జిత సెలవు, సాధారణ సెలవు, జబ్బు సెలవు, జీతం లేని సెలవు. ఖాళీ గడి ఉండకూడదు. సాయంత్రం ఖాళీగా ఉన్న గడి నెలాఖరుకి గొడవగా మారుతుంది. 240 రోజులు పనిచేసినవాళ్లకి ఏడాదికి 15 ఆర్జిత సెలవులు వస్తాయి కాబట్టి ఆ 240 లెక్క కూడా ఈ పట్టీ నుంచే తేలాలి.

ఓవర్‌టైమ్ లెక్క ఒకటి గోడ మీద రాసి పెట్టాం, అడగకుండానే అందరికీ తెలియాలని. నెల జీతం 13,000 అయితే 26తో భాగిస్తే రోజుకి 500, ఎనిమిదితో భాగిస్తే గంటకి 62.50, రెట్టింపు చేస్తే ఓవర్‌టైమ్ గంటకి 125. బతుకమ్మ, దసరా ముందు వారాలు, ఆషాఢం డిస్కౌంట్లు, పెళ్లి ముహూర్తాలు వచ్చినప్పుడు ఈ వరుస పనికొస్తుంది.

జీతం లేని రోజు కోతకి 26తో భాగించకూడదు. వారం సెలవులకి కూడా జీతం ఇస్తున్నారు కాబట్టి ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగించాలి. 30 రోజుల నెలలో 13,000కి ఒక రోజు కోత 433, 26తో భాగిస్తే 500. నెలకి రెండు రోజులు రానివాళ్ల దగ్గర ఈ తేడా ఏడాది పొడవునా చేరితే చిన్న మొత్తం కాదు, అది వాళ్ల డబ్బు.

జనవరి: జీతం విడగొట్టడం

డైరీలో 18,000 జీతం ఇలా ఉంది: బేసిక్ 6,000, ఇంటద్దె భత్యం 7,000, రవాణా భత్యం 5,000. పీఎఫ్ తగ్గించడానికి ఎవరో చెప్పిన సలహా. కోడ్‌ల ప్రకారం ఇది నిలవదు. ఇంటద్దె, రవాణా వంటి మినహాయింపులన్నీ (వేతనం లెక్కలోకి రాని భత్యాలు) కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలో కలిసిపోతుంది. ఇక్కడ మినహాయింపులు 12,000, సగం 9,000, దాటింది 3,000. కాబట్టి వేతనం 6,000 కాదు, 9,000. ఉద్యోగి పీఎఫ్ 720 కాదు, 1,080.

"స్పెషల్ అలవెన్స్" అని పేరు మార్చినా లాభం లేదు. మినహాయింపుల జాబితాలో ఆ పేరు లేదు. అందరికీ ఒకేలా ఇచ్చే ప్రత్యేక భత్యాలు పీఎఫ్ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది.

ఇంత చిన్న సంస్థకి నాలుగు ముక్కల జీతం అనవసరం. 15,000 లోపు ఉన్నవాళ్లందరికీ మొత్తం జీతం ఒకే వేతనంగా రాశాం. పీఎఫ్ కొంచెం పెరుగుతుంది, లెక్క తప్పే అవకాశం పోతుంది, గ్రాట్యుటీ నిజాయితీగా లెక్కకొస్తుంది. యజమానులతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది ఈ ఒక్క చోటే.

కనీస వేతనం కూడా ఇక్కడే చూడాలి. దుకాణాలకి వర్తించే జీవోలో హోదా, జోన్ ప్రకారం మూల వేతనం ఉంటుంది. దానిపై కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. ఆ రెండు తేదీలకి ఫోన్‌లో రిమైండర్. బేసిక్ తక్కువగా ఉన్న ఇద్దరు స్టాక్ కుర్రాళ్ల జీతం ఈ పోలికలోనే బయటపడి సరిచేశాం. టైలర్ల పీసు రేటుని కూడా ఒక నెల మొత్తం మీద గుణించి కనీస వేతనంతో పోల్చాలి. పని తగ్గిన నెలల్లో వాళ్లకి లోటు పడుతోంది, లోటు భర్తీ అని పట్టీలో ఒక గడి చేర్చాం.

జనవరి–ఫిబ్రవరి: పీఎఫ్

చలానులో ఉన్నవాళ్లు తొమ్మిది మంది. మిగతా పదమూడు మందిని లోపలికి తేవాలి. దీనికి సమయం కలిసొచ్చింది. ఉద్యోగుల నమోదు పథకం-2025ని నవంబరు 1, 2025 నుంచి ఏప్రిల్ 30, 2026 వరకు తెరిచారు. 2017 జూలై 1 నుంచి 2025 అక్టోబరు 31 మధ్య చేరి, పీఎఫ్‌లో పెట్టకుండా వదిలేసినవాళ్లని ఇందులో నమోదు చేయవచ్చు. జీతంలోంచి ఉద్యోగి వాటా కోయకపోయి ఉంటే ఆ వాటా కట్టనక్కర్లేదు. యజమాని వాటా, దాని మీద వడ్డీ, అడ్మిన్ చార్జీలు కట్టాలి. నష్టపరిహారం మాత్రం 100 రూపాయలతో సరి. మామూలుగా అయితే ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన నెలకి 1 శాతం నష్టపరిహారం పడేది.

ఒక జాగ్రత్త. డైరీలో "పీఎఫ్" అని రాసి డబ్బు కోసి కట్టకుండా ఉంచుకున్న కేసుకి ఆ మాఫీ లేదు. కోసినది ప్రతి రూపాయీ కట్టాలి. అందుకే పదమూడు మంది పాత జీతాల పేజీలు ఒక్కొక్కటీ తిరగేసి, కోత లేదని తేల్చాకే మాఫీ గడి నింపాం.

కొత్త యూఏఎన్‌లు ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో ముఖం గుర్తింపుతో తీయాలి. ఆధార్‌కి లింకైన మొబైల్ చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. షోరూం లోపల పైనుంచి పడే లైట్ల కింద గుర్తింపు ఆగిపోతోంది. గుమ్మం దగ్గర పగటి వెలుతురికి ఎదురుగా నిలబడితే వెంటనే అవుతుంది. మొబైల్ నంబర్ మారినవాళ్లని ముందు ఆధార్ కేంద్రానికి పంపాలి. ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశారా అని తప్పక అడగాలి. పాత యూఏఎన్ ఉంటే అదే వాడాలి. రెండు యూఏఎన్‌లు పుడితే విలీనం చేయించడం పెద్ద పని.

పీఎఫ్ పోర్టల్‌కి పంపే నెల ఫైల్లో ఒక మనిషి వరుస ఇలా సరిచూడాలి. వేతనం 13,000: ఉద్యోగి వాటా 1,560. యజమాని 12 శాతంలో పెన్షన్‌కి 8.33 శాతం, అంటే 1,083, మిగిలిన 477 పీఎఫ్‌కి. ఇన్సూరెన్స్ 65. అడ్మిన్ చార్జీలు అర శాతం, సంస్థ మొత్తానికి నెలకి కనీసం 500. పెన్షన్ వాటా ఎవరికైనా 1,250 దాటకూడదు, దాటిందంటే ఫార్ములా తప్పు. 2014 సెప్టెంబరు 1 తర్వాత 15,000 పైన జీతంతో మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చినవాళ్లకి పెన్షన్ వేతనం సున్నా వేయాలి, మొత్తం 12 శాతం పీఎఫ్‌కే. చిన్న సంస్థల్లో అన్నిటికన్నా ఎక్కువ కనపడే తప్పు ఇదే. ఏళ్ల తర్వాత పెన్షన్ దరఖాస్తు సమయంలో బయటపడుతుంది.

జీతం లేని రోజుల గడి హాజరు పట్టీతో సరిపోవాలి. అక్కడ ఎప్పుడూ సున్నా వేసి పంపేస్తుంటారు, సగం నెల జీతం తీసుకున్న మనిషికి కూడా.

గడువు తర్వాతి నెల 15. ఈ పని చేసేనాటికి, ఒక్క రోజు దాటినా ఉద్యోగి దగ్గర కోసిన వాటా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా వచ్చేది కాదు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత దీనికి వెసులుబాటు లేకుండా పోయింది. 15న సర్వర్ బరువెక్కుతుంది, బ్యాంకు లావాదేవీ వేలాడుతుంది. మన గడువు 12.

ఫిబ్రవరి: ఈఎస్‌ఐ

వేతనం 21,000 వరకు ఉన్న ప్రతి మనిషీ. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం, పైసలుంటే పై రూపాయికి. వేతనం 17,450 అయితే 130.88 వస్తుంది, 131 కోయాలి. యజమాని వాటా 567.13, కట్టాల్సింది 568. ఎక్సెల్‌లో మామూలు రౌండింగ్ పెడితే 567 వస్తుంది, పైకి రౌండింగ్ ఫార్ములా పెట్టాలి.

కుటుంబ సభ్యుల పేర్లు ఎక్కించకుండా వదిలేయడం ఇక్కడి పాత అలవాటు. మనిషికి నంబరు ఉంది, తల్లికి వైద్యం లేదు. డిస్పెన్సరీ కూడా షోరూం దగ్గరిది పెట్టేశారు, నర్సంపేట నుంచి వచ్చే పిల్లకి అది ఎందుకు పనికొస్తుంది? ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇంటి చిరునామా, కుటుంబం, డిస్పెన్సరీ సరిచేశాం. ఈ-పెహచాన్ (ఈఎస్‌ఐ గుర్తింపు) కార్డు ప్రింట్ తీసి చేతికిచ్చాం.

నెల నెలా పంపే ఈఎస్‌ఐ వివరంలో పనిచేసిన రోజుల గడి విలువ చాలామందికి తెలియదు. జబ్బు భృతికి సంబంధిత చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి, ప్రసూతి భృతికి అంతకు ముందటి రెండు చందా కాలాల్లో 70 రోజులు. నెలకి 26 రోజులు వచ్చిన మనిషికి బద్ధకంగా 20 వేస్తే రేపు ఆమె 26 వారాల ప్రసూతి భృతి మీద దెబ్బ పడుతుంది. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. కాలం మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం చివరిదాకా చందా ఆపకూడదు.

ఫిబ్రవరి: ఏజెన్సీ పేజీ

వాచ్‌మెన్, స్వీపర్ల పీఎఫ్, ఈఎస్‌ఐ ఏజెన్సీ కడుతుందని బిల్లులో ఉంది. కట్టిందా అన్న రుజువు లేదు. ఏజెన్సీ ఎగ్గొడితే బాధ్యత షోరూం మీదకి వస్తుంది. ఇకనుంచి బిల్లుతో పాటు మూడు కాగితాలు: ఆ నలుగురి పేర్లు కనపడే పీఎఫ్ ఫైలు, ఈఎస్‌ఐ చందా వివరం, జీతం బ్యాంకులో పడిన రుజువు. మొత్తం చలాన్ కాపీ ఒక్కటే ఇస్తే చాలదు, అందులో మన మనుషులు ఉన్నారో లేదో తెలియదు. కాగితాలు వచ్చాకే బిల్లు చెల్లింపు. వాచ్‌మెన్‌ని పంపే ఏజెన్సీకి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 కింద లైసెన్సు ఉండాలి, దాని గడువు తేదీ కూడా షీట్‌లో.

ఫిబ్రవరి: కోతలు, అడ్వాన్సులు

లేటైతే వంద, బిల్లు తప్పైతే రెండొందలు, చీర కనపడకపోతే దాని ధర ఆ సెక్షన్‌లో ఉన్న అందరి మీదా. మూడూ ఆపించాం. జరిమానా ఆ కాలం వేతనంలో 3 శాతం దాటకూడదు, దేనికి వేస్తారో ముందే ఆమోదించిన జాబితా ఉండాలి, మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పోయిన సరుకు ధర కోయాలంటే అది ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. అందరి మీదా పంచడానికి వీల్లేదు. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు.

అడ్వాన్సు నోట్‌బుక్‌ని జీతాల పట్టీలో మూడు గడులుగా మార్చాం: తొలి నిల్వ, ఈ నెల కోత, మిగిలింది. పే స్లిప్ మీద కూడా ఇవి కనపడతాయి. నెలనెలా మిగిలింది కళ్ల ముందు ఉంటే మానేసే రోజు లెక్క దగ్గర మాటామాటా రాదు.

ఫిబ్రవరి: అంతర్గత కమిటీ

లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఈ కమిటీ 2013 చట్టం ప్రకారం పదిమంది లేక అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి చోటా ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, ఉద్యోగుల నుంచి కనీసం ఇద్దరు, బయటి నుంచి ఈ విషయం తెలిసిన ఒకరు, మొత్తంలో సగానికి తగ్గకుండా మహిళలు. భాగస్వామి భార్యని అధ్యక్షురాలిగా రాసేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఆమె ఉద్యోగి కాదు, పైగా ఫిర్యాదు భాగస్వామి మీదే వస్తే? అకౌంట్స్ చూసే సీనియర్ ఉద్యోగిని ఒప్పుకున్నారు. కమిటీ వివరాలు టీ-షీబాక్స్ (ఈ ఫిర్యాదుల కోసం రాష్ట్రం పెట్టిన) పోర్టల్‌లో ఎక్కించాలి. పేర్లు, ఫోన్ నంబర్లతో బోర్డు ఆడవాళ్ల విశ్రాంతి గదిలోనూ పెట్టించాం, క్యాష్ కౌంటర్ వెనక ఒక్కటే పెడితే చదివే ధైర్యం ఎవరికీ ఉండదు. ఫిర్యాదుకి మూడు నెలలు, విచారణకి 90 రోజులు.

మార్చి: బోనస్, గ్రాట్యుటీ, మానేసినవాళ్లు

దసరాకి ప్రతి ఏడాదీ అందరికీ కవర్లో డబ్బు ఇస్తున్నారు, రాత లేదు. ఆచారంగా ఇచ్చిన పండగ బోనస్‌ని చట్టం ప్రకారం ఇవ్వాల్సిన బోనస్‌లో తగ్గించుకోవచ్చు, రికార్డు ఉంటేనే. కనిష్ఠం 8.33 శాతం. మార్చితో ముగిసే లెక్కలకి నవంబరు 30 లోపు ఇవ్వాలి. ఈ దసరా నుంచి బ్యాంకు ద్వారా, రిజిస్టర్‌లో సంతకంతో.

గ్రాట్యుటీ సూత్రం 15/26. నెల వేతనం 13,000, సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు అనుకుంటే, ఆరు నెలలు దాటింది కాబట్టి 8 ఏళ్లు. 13,000లో 15/26 అంటే 7,500, ఎనిమిదితో గుణిస్తే 60,000. ఐదేళ్లు దాటినవాళ్లందరికీ ఈ లెక్క వేసి మొత్తం యజమానుల ముందు పెట్టాం. గడువు ఒప్పందం మీద తీసుకున్నవాళ్లకి ఇప్పుడు ఏడాదికే హక్కు వస్తుంది, సీజన్ మనుషుల ఒప్పందాలు రాసేటప్పుడు ఇది గుర్తుండాలి.

మానేసిన మనిషికి రెండు పనిదినాల్లో జీతం తేల్చాలి. "వచ్చే నెల పదో తారీకు రా" అనే మాట ఇక కుదరదు. పీఎఫ్ పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ, కారణం అదే వారం వేయాలి. పాతవాళ్లలో చాలామందికి ఆ తేదీ వేయలేదు. చివరి హాజరు చూసి ఒక్కొక్కటీ వేస్తున్నాం.

మార్చి: నెల వరుస, మిగిలిన పని

నెలాఖరు రాత్రి హాజరు పట్టీ మూసేయడం. 2న డ్రాఫ్ట్ జీతాల పట్టీ, 3న ఫ్లోర్ ఇన్‌చార్జ్‌లు చూసి చెప్పడం, 5న జీతాలు, పే స్లిప్ వాట్సాప్‌లో ఎవరిది వాళ్లకే. చట్టం గడువు 7. వృత్తి పన్ను 10 లోపు: 15,000 వరకు లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. పీఎఫ్, ఈఎస్‌ఐ 12న. చలాన్ల మొత్తం జీతాల పట్టీ మొత్తంతో రూపాయికి రూపాయి సరిపోయాకే ఆ నెల ఫోల్డర్‌కి తాళం.

కోడ్‌ల కింద రాష్ట్ర నియమాలు తుది రూపంలో వచ్చేదాకా పాత రిజిస్టర్ల నమూనాలే నడుపుతున్నాం. గడులు ఎక్కువే పెట్టాం కాబట్టి కొత్త ఫారం వస్తే గడుల వరుస మార్చుకుంటే సరిపోతుంది.

మిగిలినవి: పేరు తేడా ఉన్న ఇద్దరి ఆధార్ సవరణ ఇంకా రాలేదు, నమోదు పథకం గడువు ఏప్రిల్ 30 కాబట్టి వాళ్లని ముందు తేల్చాలి. ఏజెన్సీ ఫిబ్రవరి ఈఎస్‌ఐ వివరం ఇవ్వలేదు, బిల్లు ఆపి ఉంచాం. ఏప్రిల్ ఇంక్రిమెంట్ల జాబితాలో ముగ్గురి జీతం 21,000 దాటుతోంది. చందా కాలం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కాబట్టి అప్పుడే పెంచితే వాళ్లు ఈఎస్‌ఐ నుంచి వెంటనే బయటికి వస్తారు, మేలో పెంచితే సెప్టెంబరు దాకా ఉంటారు. ముగ్గురిలో ఒకామె గర్భిణి. ఆమె ప్రసూతి భృతి ఏ దారిలో ఎంతవుతుందో రెండు లెక్కలూ కాగితం మీద వేసి, ఇంక్రిమెంట్ నెల ఆమెతో మాట్లాడి తేల్చాలని ఏప్రిల్ 1 పేజీలో మొదటి వరుసగా రాసి ఉంది.